పెన్న ఒడ్డు వాళ్ళం సముద్రం ఒడ్డున టెంటు వేస్తే

మాది ప్రొద్దుటూరు. నాది టైలరింగ్ షాపు. మా ఊరి పక్కనుంచే పెన్న పోతుంది. పోతుంది అంటాం గానీ, ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనిపించేది ఇసుకే. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ నదిని చూస్తూనే ఉంది, అది కలిసే సముద్రాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆమె కోసమే మొదటిసారి బయల్దేరాం. హోటల్ రూముల రేట్లు చూసి మా ఆయన నోరు తెరిస్తే, టెంట్లు కొందామని నేనే అన్నాను. ఇప్పటికి మూడుసార్లు నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్త, మా తమ్ముడు, మొత్తం ఆరుగురం. మనలాగా సముద్రానికి దూరంగా పెరిగినవాళ్ళు అక్కడికి పోతే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆ మూడు ట్రిప్పుల్లో నేర్చుకున్నదే ఇది.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తాను. దసరా సెలవులకు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్ల భయం. ఎండాకాలంలో మనకు ఇక్కడున్న ఎండ చాలదన్నట్టు అక్కడ ఉక్క. మన ఎండకు చెమట పట్టినా వెంటనే ఆరిపోతుంది, అక్కడ ఒంటికి అంటుకునే ఉంటుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, పిల్లలు చూడాలనుకునే పడవల సందడీ తగ్గిపోతుంది. సంక్రాంతి దాటాక మార్చి మొదటి వారాల దాకా బాగుంటుంది. బయల్దేరే రెండు రోజుల ముందు వాతావరణంతో పాటు అలల హెచ్చరికలు కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఎగసిపడే అలల గురించి ముందే చెప్తుంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చెప్పేవాళ్ళున్నారని తెలిసి మా తమ్ముడు తెగ నవ్వాడు గానీ, ఇప్పుడు ముందు చూసేది వాడే.

టెంటుతో వచ్చే ఇనుప మేకులు ఇసుకలో నిలవవు. ఈ సంగతి మాకు మొదటి ట్రిప్పులో, రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు తెలిసింది. గాలి లేచింది, టెంటు లేచింది. మా అత్త చీరలున్న సంచితో సహా అది దొర్లుకుంటూ పోతుంటే వెనకాల ఆరుగురం పరుగు. ఇంటికొచ్చాక షాపులో పాత జీన్స్ ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి, ఒక వైపు రెండు కుట్లు గట్టిగా వేసి, ఎనిమిది సంచులు కుట్టాను. సంచిని ఇసుకతో నింపి మూతి కట్టేసి, నడుముకు తాడు చుట్టి, మూరెడు లోతు గుంట తీసి అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాలి. తాడు రెండో కొసను టెంటుకు కట్టి, పూడ్చిన చోట కాలితో బాగా తొక్కాలి. ఆ తర్వాత ఎంత గాలి వచ్చినా టెంటు కదల్లేదు. సిమెంటు సంచులతోనూ కుట్టొచ్చు గానీ ఎండకు పొడిపొడి అవుతాయి. జీన్స్‌కు సాటి లేదు.

ఈ పని మొదటిసారి సముద్రం దగ్గర చేయొద్దు. ఒక ఆదివారం సాయంత్రం నీళ్ళు లేని పెన్నలోకి దిగి, ఇసుకలో టెంటు వేసి విప్పండి. మేం రెండో ట్రిప్పుకు ముందు అదే చేశాం. గొర్రెలు కాసుకునేవాళ్ళు వింతగా చూశారు, చూడనీండి. అప్పుడే ఒక టెంటు జిప్పు ఊడి చేతికొచ్చింది. కొన్న చోట వెనక్కి తీసుకునేది లేదన్నారు, నేనే మార్చి కుట్టుకున్నాను. అదే ఊడడం మైపాడులో రాత్రి పూట ఊడితే దోమలకు విందు.

జమ్మలమడుగు దగ్గర గండికోటలో టెంట్లు వేసిన అనుభవం మీకుంటే, అదంతా ఇక్కడ పనికొస్తుందనుకోకండి. అక్కడ లోయ అంచున బండరాయి, మేకు దిగదు. ఇక్కడ ఇసుక, మేకు దిగుతుంది గానీ నిలవదు. ఒక్కటి మాత్రం కలుస్తుంది. రెండు చోట్లా చీకట్లో కొత్త స్థలంలో టెంటు వేయబోవడం తెలివితక్కువ పని. మధ్యాహ్నం మూడుకల్లా చేరిపోవాలి.

దానికి ప్రొద్దుటూరులో తెల్లారకముందే బయల్దేరాలి. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి ఇంకో 25 కిలోమీటర్లు మైపాడు. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. పిల్లలు, అత్త, టీ కోసం ఆగడాలు అన్నీ కలుపుకుంటే ఆరు గంటలు వేసుకోండి.

సామాన్లలో నేను పట్టుబట్టి తీసుకెళ్ళేవి కొన్నున్నాయి. మంచినీళ్ళు 20 లీటర్ల క్యాన్లు నాలుగు. ఆరుగురికి రెండు రాత్రులకు తాగడానికి, వంటకు సరిపోతాయి. స్నానం నీళ్ళు వేరే చూసుకోవాలి. అడుగెడు నాపరాయి ముక్క ఒకటి. కడప బండను సముద్రానికి మోసుకుపోతావా అని మా ఆయన ఎగతాళి చేశాడు. చిన్న గ్యాస్ స్టవ్వును వట్టి ఇసుక మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది, గిన్నె జారుతుంది. బండ మీద పెడితే ఇంట్లో ఉన్నట్టే. ఇక పాత నైలాన్ చీరలు రెండు. ఒకటి నీడకు. రెండోది ఎర్రది, దాని పని తర్వాత చెప్తాను.

తిండి దగ్గర ఎక్కువ ఆలోచించొద్దు. పొద్దున పూట ఉగ్గానిని మించింది లేదు. బొరుగులు తేలిగ్గా ఉంటాయి, నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, టమోటా పోపులో వేసి పప్పుల పొడి చల్లితే పది నిమిషాల పని. బజ్జీల జోలికి పోవద్దు, గాలిలో కాగే నూనె పెట్టుకుని పిల్లల మధ్య కూర్చోవడం నాకు ఇష్టం లేదు. సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి, నిప్పట్లు ఇంటి నుంచి. మధ్యాహ్నం భోజనంలోకి చేపల పులుసు అక్కడివాళ్ళ చేతిదే తినాలి. మామిడికాయ వేసి వాళ్ళు చేసే పులుసు ముందు మన ప్రయత్నాలు దండగ.

టెంటు ఎక్కడ వేయాలనేది మీ అంతట మీరు నిర్ణయించకండి. ముందు దగ్గరి పాలెం, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు, అక్కడి పెద్దలను అడగండి, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పండి. ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నప్పుడు ఇళ్ళకు, బాత్రూములకు నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండాలి. ఏకాంతం ఫోటోల్లో బాగుంటుంది, రాత్రి రెండింటికి పాప బాత్రూమ్ అంటే తెలుస్తుంది దాని సంగతి. సరుగుడు తోట నీడ బాగుంటుంది గానీ తోట ఎవరిదో కనుక్కుని అడగాలి, లోపల నిప్పు అసలు ముట్టించొద్దు. రాలిన సరుగుడు ఆకులు కాగితాల్లా అంటుకుంటాయి.

ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. పోటు నీళ్ళు అక్కడి దాకా వచ్చిపోయాయని గుర్తు. ఆ గీతకు బాగా పైన వేయాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా పైకి వస్తుంది. పోటు రోజూ ఒకే టైముకు కూడా రాదు, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అందుకే నిన్న పొద్దున చెప్పులు విడిచిన చోటే ఇవాళ అదే టైముకు విడిస్తే తడిసిపోవచ్చు. గాలికి మాత్రం ఒక పద్ధతి ఉంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి సముద్రం మీద నుంచి మన వైపు వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి, గాలి ఊరి వైపు నుంచి సముద్రం మీదకు మళ్ళుతుంది, దానితో పాటే దోమలు. రెండు వైపులా జాలీ ఉన్న టెంటు తీసుకోమనేది అందుకే. సూర్యుడు ఎదురుగానే లేస్తాడు కాబట్టి ఏడున్నర తర్వాత టెంట్లో పడుకోవడం కుదరదు. పడుకుందామనుకునే మా తమ్ముడు మూడు ట్రిప్పుల్లోనూ ఓడిపోయాడు.

కాబట్టి రోజును ఐదున్నరకే మొదలుపెట్టండి. జనవరిలో అక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక వస్తాడు, అంతకు ముందు వెలుగే బాగుంటుంది. అదృష్టం ఉంటే ఆ వేళకు అలివి వల లాగుతుంటారు. వలను పడవతో సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసలూ ఒడ్డున రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. అడిగితే పిల్లలను కూడా తాడు పట్టుకోనిస్తారు. మా వాడు ఓ పావుగంట లాగి అరచేతులు చూపించి ఏడ్చాడు, తర్వాత వలలో చేపలు మిలమిలలాడేసరికి మర్చిపోయాడు. పని చేసేవాళ్ళ మధ్య సెల్ఫీలకు అడ్డం పడకండి. జెల్లీ చేపలను ఒడ్డున చచ్చిపడి ఉన్నా ముట్టుకోనివ్వొద్దు, అప్పుడు కూడా కుడతాయి. కుడితే రుద్దకుండా సముద్రం నీళ్ళతోనే కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక స్నానం. మా తమ్ముడు చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాడు. మోటబావి గట్టు మీద నుంచి తలకిందులుగా దూకేవాడు. మొదటి ట్రిప్పులో వాడు ఒడ్డంతా చూసి, అలలు విరగని ఒక చోటు ఎంచుకున్నాడు. అటూ ఇటూ నురగలు, మధ్యలో నున్నగా ఒక పట్టీ. “అక్కా, ఇక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉండాయి” అని దిగాడు. రెండు నిమిషాల్లో వాడి తల చిన్నదైపోయింది. చేతులు బారలు వేస్తున్నాడు, ఒడ్డు వైపు ఒక్క అడుగు రావడం లేదు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి, చేత్తో పక్కకు పక్కకు అని సైగ చేస్తూ అరిచాడు. వాడికి వినపడిందో, చూసి అర్థం చేసుకున్నాడో, పక్కకు ఈదాడు. బాగా దూరంగా తేలి, అలల్లో పడి ఒడ్డుకొచ్చాడు. “నున్నంగా ఉన్నకాడే దిగమాకండమ్మా” అన్నాడు పెద్దాయన నాతో.

బావిలో, కాలువలో ఈత నేర్చినవాళ్ళకు కదలని నీళ్ళు మంచివనిపిస్తాయి. సముద్రంలో ఆ లెక్క తప్పు. ఒడ్డు మీదికి ఎక్కిన అలల నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా, అది పోయే దారే ఆ పట్టీ. అక్కడ అల విరగదు, నీళ్ళు కొంచెం ముదురు రంగులోనో, ఇసుక కలిసి మట్టిగానో కనిపిస్తాయి. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదొద్దు. ఆ పట్టీ ఎక్కువ వెడల్పు ఉండదు, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడి, అప్పుడు అలలతో పాటు రావాలి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్ళు వెంటనే దూకకుండా, తేలేది ఏదైనా, ఖాళీ క్యానైనా సరే, విసరాలి. ఒడ్డునున్న వాళ్ళను పిలవాలి, 112కు ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఎర్ర చీర. ఒక కర్రకు కట్టి మనం దిగే చోటికి ఎదురుగా ఒడ్డున పాతండి. నీళ్ళలో ఆడుతున్నప్పుడు తెలియకుండానే ఒడ్డు వెంబడి జరిగిపోతుంటాం. జెండా పక్కకు జరిగినట్టు కనిపిస్తే జరిగింది మనమే. వెంటనే బయటికొచ్చి నడిచి మళ్ళీ జెండా దగ్గరికి రావాలి. పిల్లలకు మోకాళ్ళ లోతు, పెద్దలకు నడుము లోతు, ఒడ్డున ఎప్పుడూ ఒకరు కాపలా. మా ఇంట్లో ఆ కాపలా మా అత్తది. ఆమెకు ఈత రాదు, మొహమాటం కూడా లేదు, ఎవరైనా హద్దు దాటితే మైపాడు మొత్తం వినపడేలా పిలుస్తుంది. తాగినవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదు, ఇందులో బావా మామా అని చూడొద్దు.

పది నుంచి నాలుగు దాకా ఒడ్డున ఉండొద్దు. అప్పుడే ఊళ్ళు తిరగాలి. ఒక రోజు నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న రంగనాయకస్వామి గుడి, అక్కడికి దగ్గర్లోనే జొన్నవాడ కామాక్షమ్మ. అక్కడి పెన్నలో నీళ్ళు చూసి మా అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మన కాడ ఎండబెట్టి ఇక్కడ పారుతుందా ఇది” అంది. రెండో రోజు, ఓపికుంటే, చెన్నై రోడ్డు మీద నేలపట్టు. చెరువులో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుంటాయి. ఆ చెట్లను అక్కడ కడప చెట్లంటారట. అది విన్నాక మా పిల్లలు అవి మన పక్షులే అని తేల్చేశారు. అక్కడి నుంచి సూళ్ళూరుపేట పోతే, శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో నుంచే వెళ్తుంది, చలికాలంలో ఫ్లెమింగోలు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. పోనూ రానూ రోజంతా పడుతుంది, చిన్న పిల్లలుంటే మానేయండి.

సాయంత్రం గాలికి గాలిపటాలు వాటంతట అవే ఎగురుతాయి. సంక్రాంతికి మిగిలినవి తీసుకెళ్ళండి, దారం మామూలు నూలుదే, మాంజా వద్దు. తడి ఇసుకతో మావాళ్ళు ప్రతిసారీ గండికోట కడతారు, లోయతో సహా. రాత్రి ఎర్ర పీతలను టార్చితో తరమడం పిల్లలకు పండగే గానీ, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పెద్ద చక్రాల జాడలా ఇసుకలో గీతలు కనిపిస్తే లైట్లు ఆర్పి దూరంగా జరగాలి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుగును చూసి సముద్రం అనుకుని ఇటే వస్తాయి. మేం ఇంతవరకు జాడ మాత్రమే చూశాం.

తిరుగు ప్రయాణం రోజు టెంటు మంచుకు తడిసి ఉంటుంది, ఎండ తగిలేదాకా ఆగి మడవండి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో ఒకసారి కడిగి నీడలో ఆరేయాలి, లేకపోతే ఉప్పుకు జిప్పులు పట్టేస్తాయి. జిప్పు పళ్ళకు కొవ్వొత్తి రుద్దితే మళ్ళీ సాఫీగా నడుస్తుంది. సంచుల్లో ఇసుక అక్కడే పారబోసి రండి. నేను ఒకసారి మర్చిపోయి జీన్స్ సంచులు షాపులో దులిపాను, వారం రోజుల దాకా కుట్టు మిషను కరకరలాడుతూనే ఉంది.