క్లూని కళ్ళముందే దాచండి

డిటెక్టివ్ నవల రాసేవాళ్ళకు ఒక చిన్న చిట్కా. హంతకుడెవరో చివరిదాకా చెప్పకుండా ఉండటం పెద్ద కష్టమేం కాదు. క్లూని పాఠకుడి ముందే పెట్టి, దాన్ని పట్టించుకోకుండా చేయడంలోనే మజా ఉంది.

నల్గొండ దగ్గర ఒక బత్తాయి తోటలో హత్య జరిగిందనుకోండి. డిటెక్టివ్ షెడ్డులోకి వెళ్ళి చూస్తాడు: మందు కొట్టే స్ప్రేయర్, ఖాళీ ట్రేలు, తడి బురద అంటిన చెప్పులు, నిన్నటి టిఫిన్ డబ్బా, యూరియా సంచులు. అసలు క్లూ ఆ చెప్పులే. రాత్రి మోటారే నడవలేదని, పాదుల్లో తడి లేదని కాపలా ఉండే అతను నాలుగు పేజీల ముందే చెప్పాడు. మరి బురద ఎక్కడిది? ఆ ప్రశ్న తట్టేలోపే చనిపోయినవాడి తమ్ముళ్ళు గెట్టు పంచాయితీ తీసి కొట్లాటకు దిగాలి. జాబితాలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, నడుమవి జారిపోతాయి. పైగా గొడవ మొదలైతే చెప్పులెవరికి కావాలి?

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపాలన్నది వాటిలో ఒకటి. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది ఇంకొకటి. చివరి పేజీలో హైదరాబాద్ నుంచి దిగిన మేనమామే చంపాడంటే నేనైతే పుస్తకం విసిరేస్తా.

రాయడం మాత్రం వెనక నుంచి మొదలుపెట్టండి. హత్య రాత్రి ఎవరెక్కడున్నారో గంటల వారీగా కాగితం మీద వేసుకున్నాకే మొదటి అధ్యాయం ముట్టుకోండి.