ఆయాకు పని అప్పగించే ముందు

విశాఖపట్నంలోని ఏ పెద్దాసుపత్రిలోనైనా రాత్రి డ్యూటీ నర్సు పనులన్నీ ఒంటిచేత్తో చేయలేరు. స్థిరంగా ఉన్న రోగికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం వంటివి శిక్షణ పొందిన ఆయాకు అప్పగించవచ్చు. పరిస్థితిని అంచనా వేయడం, ఇన్సులిన్ ఇవ్వడం, రక్తం ఎక్కించడం మాత్రం ఎంత రద్దీ ఉన్నా నర్సు చేతిలోనే ఉండాలి.

పని పేరు చూసి కాదు, రోగిని చూసి నిర్ణయించాలి. జావ తాగించడం చిన్న పనే; కానీ పక్షవాతం వచ్చి మింగలేని వ్యక్తికైతే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నందున అప్పగించరాదు.

"కాస్త చూస్తూ ఉండమ్మా" అంటే అప్పగించినట్లు కాదు. "నాలుగో మంచం పెద్దాయనను 2 గంటలకోసారి తిప్పండి, మడమల దగ్గర, నడుము కింద చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే వెంటనే నన్ను పిలవండి" అని చెప్పి, ఆ మాటను ఆమె చేత తిరిగి చెప్పించుకోవాలి. నేనొకసారి మూత్రం కొలత రాయమన్నానే గాని, గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే చెప్పమనలేదు. ఆమె ప్రతి గంటా 20 అని శ్రద్ధగా రాస్తూ పోయింది. తప్పు నాదే.

పాడేరు వైపు నుంచి వచ్చిన రోగికి తెలుగు రాకపోతే, ఆదివాసీ ఒడియా తెలిసిన ఆయా ఎంతో సాయపడుతుంది. అయినా నొప్పి తీవ్రతను నిర్ధారించే బాధ్యత నర్సుదే. పని ముగిశాక రోగిని స్వయంగా చూసి, ఎవరు ఎప్పుడు చేశారో కేస్‌షీట్‌లో రాయాలి.