అరవై దాటాక ఫేస్‌బుక్ – 3వ పాఠం: మన చేత్తో మనమే లాగిన్ అవ్వడం

పోయిన పాఠంలో ప్లే స్టోర్ నుంచి యాప్ ఎక్కించుకోవడం వరకూ అయింది. ఎక్కించుకోనివాళ్ళ కోసం ఒక్కసారి మళ్ళీ చెప్తాను, వెతికినప్పుడు అన్నిటికంటే పైన స్పాన్సర్డ్ అని వచ్చేది ప్రకటన, దాన్ని వదిలేసి పేరు కింద మెటా ప్లాట్‌ఫామ్స్ అని ఉన్నదే తీసుకోండి. ఫేస్‌బుక్ కంపెనీ 2021లో తన పేరు మెటా అని మార్చుకుంది, అది చూసి ఇదేదో వేరే యాప్ అని కంగారు పడొద్దు. ఫోన్ పాతదై లోపల జాగా తక్కువుంటే ఫేస్‌బుక్ లైట్ చాలు, అదీ వాళ్ళదే.

ఇవాళ్టి పని లాగిన్, అంటే నంబర్, పాస్‌వర్డ్ కొట్టి మన అకౌంట్ మనమే తెరుచుకోవడం. ఈ మాట ఎత్తగానే "మాకెందుకమ్మా అదంతా, మావాడు ఎప్పుడో చేసిచ్చాడు, నొక్కితే తెరుచుకుంటోంది కదా" అంటారు. తెరుచుకుంటోంది, నిజమే. కానీ ఫోన్ మార్చినరోజో, రిపేర్‌కి ఇచ్చి మొత్తం చెరిపేయించినరోజో, మనవడు ఆడుకుంటూ లాగౌట్ నొక్కినరోజో అది తెరుచుకోదు, నంబర్ అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. మనముండేది బెంగళూరు, అబ్బాయి చూస్తే వైట్‌ఫీల్డ్‌లో మీటింగులో ఉంటాడు, ఫోన్ తియ్యడు, కోడలు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటుంది. అప్పుడు మనం చేసే పని ఏంటి, ఎవరు దొరికితే వాళ్ళకి ఫోన్ ఇచ్చేయడం, లేకపోతే గూగుల్లో ఫేస్‌బుక్ కస్టమర్ కేర్ నంబర్ అని వెతకడం. మోసం చేసేవాళ్ళకి కావాల్సింది సరిగ్గా ఆ పది నిమిషాల కంగారే. అందుకని లాగిన్‌ని ఏ తొందరా లేని రోజు, మధ్యాహ్నం కాఫీ అయ్యాక తీరిగ్గా కూర్చుని నేర్చుకోవాలి, ఇంట్లో పిల్లలు ఉన్న ఆదివారమైతే ఇంకా మంచిది.

యాప్ తెరిచే ముందు ఒక కాగితం, పెన్ను, కళ్ళజోడు దగ్గర పెట్టుకోండి.

ముందు నంబర్ సంగతి తేల్చుకోండి

ఇది బెంగళూరులో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. అకౌంట్ తెరిచింది గుంటూరులోనో కర్నూలులోనో ఉన్నప్పుడు, అక్కడి సిమ్ మీద. ఆ తర్వాత పిల్లల దగ్గరికి వచ్చేశాం, ఇక్కడ కొత్త సిమ్ తీసుకున్నాం, పాత సిమ్ ఏ పర్సు అరలోనో, దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కనో పడుంది, రీచార్జి చేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఫేస్‌బుక్‌కి మాత్రం ఇప్పటికీ తెలిసింది ఆ పాత నంబరే, కోడ్, అంటే మనమేనా అని తేల్చుకోవడానికి మెసేజ్‌లో పంపే అంకెలు, పంపితే దానికే పంపుతుంది.

మన దేశంలో ప్రీపెయిడ్ నంబర్‌ని ఒక్క కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకుండా 90 రోజులు వదిలేస్తే కంపెనీ దాన్ని తీసేయొచ్చు. తీసేశాక కూడా కనీసం 90 రోజులు ఆగి, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అంటే మీ పాత నంబర్ ఇప్పుడు ఊరూ పేరూ తెలియని ఇంకొకరి చేతిలో ఉండొచ్చు, మీ కోడ్‌లు వాళ్ళకి వెళ్ళొచ్చు. వాళ్ళు మంచివాళ్ళే అయ్యుండొచ్చు, అయినా మన అకౌంట్ వాళ్ళ మంచితనం మీద ఎందుకు ఆధారపడాలి?

కాబట్టి ఇప్పుడు యాప్ తెరుచుకుంటూ ఉండగానే, అంటే లాగౌట్ అవ్వకముందే, లోపలికెళ్ళి చూడండి. మూడు గీతల గుర్తు లేదా మీ ఫోటో నొక్కితే మెనూ వస్తుంది, అందులో సెట్టింగ్స్, దాంట్లో అకౌంట్స్ సెంటర్, అక్కడ పర్సనల్ డీటెయిల్స్, అందులో కాంటాక్ట్ ఇన్ఫో. అక్కడ ఏ నంబర్ ఉంది, ఏ ఈమెయిల్ ఉంది చూసి కాగితం మీద రాసుకోండి. ఉన్నది పాత నంబరైతే కొత్తది కలపండి, దానికి కోడ్ వస్తుంది, వేస్తే అయిపోతుంది, ఆ తర్వాతే పాతది తీసేయండి. ఈ వరస తిరగెయ్యొద్దు. ఈమెయిల్ గడిలో అబ్బాయిదో అల్లుడిదో పాత ఆఫీసు మెయిల్ ఉండటం కూడా చాలా ఇళ్ళల్లో చూస్తుంటాం, వాళ్ళు ఆ ఉద్యోగం మానేసి ఏళ్ళయి ఉంటుంది, అది కూడా ఈరోజే మార్పించుకోండి.

నంబర్ సరిగ్గా తేలేదాకా కిందకి చదవక్కర్లేదు, ఇక్కడే ఆగండి. సగం లాగిన్ గొడవలు ఇక్కడే ఉంటాయి.

పాస్‌వర్డ్

పుట్టినతేదీ, మనవరాలి పేరు, ఇంటి నంబర్, ఇవేవీ వద్దు, మనం ఫేస్‌బుక్‌లో పెట్టే పుట్టినరోజు ఫోటోల్లోనే ఇవన్నీ కనపడతాయి. ఒకదానికొకటి సంబంధంలేని మూడు తెలుగు మాటలు తీసుకోండి, ఉదాహరణకి వంకాయ, గొడుగు, పల్లకి లాంటివి, ఇంగ్లీష్ అక్షరాల్లో కలిపి రాసి చివర ఒక అంకె, ఒక గుర్తు పెట్టండి. ఇవే మూడు పెట్టేసుకోకండి మళ్ళీ, ఇది చదివినవాళ్ళందరికీ తెలుసు. కాగితం మీద రాసుకుంటే సరిపోదు, ఇప్పుడున్న పాస్‌వర్డ్ తీసి ఇది పెట్టేది ఇందాకటి అకౌంట్స్ సెంటర్‌లోనే, పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ లోపల, లాగౌట్ అవ్వకముందే అక్కడ మార్చుకోండి.

ఇక్కడ తెలుగు మాటలతో ఒక చిక్కుంది. వంకాయని ఒకరోజు కా దగ్గర ఒక ఏ పెట్టి రాస్తాం, ఇంకోరోజు రెండు ఏలు పెడతాం, గొడుగులో డు కి ఒకసారి డి, ఒకసారి డి పక్కన హెచ్. మనకి రెండూ ఒకటే, ఫోన్‌కి కాదు. పెద్దక్షరం, చిన్నక్షరం కూడా దానికి వేరువేరు. అందుకని పెట్టేరోజే ఒక్కో అక్షరం విడివిడిగా, పెద్దది పెద్దగా చిన్నది చిన్నగా, కాగితం మీద రాసుకోండి. పాస్‌వర్డ్ రాసిపెట్టుకోవడం తప్పంటారు కొందరు కుర్రాళ్ళు, నేనలా అనుకోను, మన వయసులో రాసుకోకపోతేనే ప్రమాదం. ఎక్కడ పెడతాం అన్నదే అసలు విషయం. బీరువాలో పాత డైరీలో ఉంటే పర్లేదు. ఫోన్ కవర్ వెనకాల ఏటీఎం కార్డుతోపాటు మడిచి పెట్టేవాళ్ళున్నారు చూడండి, ఫోన్ పోతే అన్నీ ఒకేసారి పోతాయి.

బ్యాంకుకి పెట్టిందీ, మెయిల్‌కి పెట్టిందీ ఇక్కడ పెట్టొద్దు. ఒకచోట బయటపడితే అన్నిచోట్లా వేసి చూస్తారు.

ఇప్పుడు చేద్దాం

నంబర్ సరే, పాస్‌వర్డ్ కాగితం మీద ఉంది, ఇక మెనూలో కిందకంటా జరిపితే లాగౌట్ ఉంటుంది, నొక్కండి. భయం లేదు, ఫోటోలు, స్నేహితులు ఎక్కడికీ పోరు.

బయటికి వచ్చాక మీ ఫోటో, పేరు కనపడితే దాన్ని నొక్కొద్దు. నొక్కితే పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పంపేస్తుంది, అది ఫోన్ గుర్తుపెట్టుకుంది కాబట్టి, మన ప్రాక్టీసు అవ్వదు. కింద వేరే అకౌంట్‌తో వెళ్ళే బటన్ ఉంటుంది, దాని పేరు వెర్షన్‌ని బట్టి మారుతుంటుంది, అది నొక్కితే రెండు ఖాళీ గడులు వస్తాయి. అదే మనక్కావల్సింది. అంతా ఇంగ్లీషులో ఉందనుకుంటే అదే పేజీలో పైన భాష పేరు ఉంటుంది, నొక్కి తెలుగు పెట్టుకోవచ్చు.

మొదటి గడిలో నంబర్. కీబోర్డ్ పైన నంబర్ తయారుగా చూపిస్తే నొక్కేస్తాం, ఒక్కోసారి దాని చివర ఒక ఖాళీ కూడా వచ్చి చేరుతుంది, కంటికి కనపడదు, తప్పు అంటుంది, మనం పాస్‌వర్డ్ తప్పేమో అని దాన్నే పదిసార్లు కొడుతుంటాం. చేత్తో పది అంకెలూ కొట్టుకోవడమే మేలు. రెండో గడిలో పాస్‌వర్డ్, పక్కన కన్ను గుర్తు ఉంటుంది, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే అది నొక్కండి, చుక్కలు పోయి అక్షరాలు కనపడతాయి, కాగితంతో ఒక్కొక్కటీ పోల్చుకోవచ్చు. వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసే అలవాటున్నవాళ్ళకి కీబోర్డ్ తెలుగులోనే ఉండిపోతుంది, కింద భూగోళం గుర్తు నొక్కినా, స్పేస్ బార్ నొక్కిపట్టుకున్నా ఇంగ్లీషులోకి మారుతుంది.

తప్పని వస్తే రెండోసారి నెమ్మదిగా కొట్టండి. మళ్ళీ తప్పంటే ఇంక ఊరికే కొట్టొద్దు, కాసేపు ఆపేస్తారు వాళ్ళు. మర్చిపోయాను అనే బటన్ నొక్కి, నంబర్ వేసి, వచ్చిన పేరు, ఫోటో మనవేనా అని చూసుకుని, కోడ్ తెప్పించుకుని కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవడమే. డైరీలో పాతది కొట్టేసి కొత్తది రాయడం మాత్రం మర్చిపోకండి.

లోపలికి వెళ్ళగానే పాస్‌వర్డ్ దాచమంటారా అని ఫోన్ అడుగుతుంది. సొంత ఫోన్, దానికి స్క్రీన్ లాక్ ఉంది అంటే సరే అనండి. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో, పక్కింటివాళ్ళ ట్యాబ్‌లో ఐతే వద్దు అనే చెప్పాలి, అసలక్కడ లాగిన్ కాకపోతేనే నయం.

కోడ్ ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు

ఇది నిదానంగా చదవండి. కోడ్ మనం అడిగితేనే రావాలి. మనం లాగిన్ బటన్ నొక్కాం, వెంటనే కోడ్ వచ్చింది, మనమే ఆ యాప్‌లో వేశాం, ఇదీ సరైన పద్ధతి. మనం కూరగాయలు తరుక్కుంటుంటే కోడ్ వచ్చిందంటే ఎవరో మన నంబర్ వేసి చూస్తున్నారని అర్థం. దాన్ని ఏమీ చెయ్యక్కర్లేదు, ఎక్కడా వెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా ఉంటే అవతలవాడు ఏమీ చెయ్యలేడు, చాలాసార్లు వస్తుంటే పాస్‌వర్డ్ మార్చేయండి.

అసలు కథ ఆ తర్వాతొచ్చే ఫోన్‌తో మొదలవుతుంది. "ఆంటీ, పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, కాస్త చెప్తారా" అని. చక్కటి తెలుగులో మాట్లాడతారు, బెంగళూరులో రోజంతా కన్నడం, హిందీ, ఇంగ్లీషు మధ్య నలిగే మనకి తెలుగు గొంతు వినపడగానే మనసు మెత్తబడుతుంది, వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఒక్కోసారి మన స్నేహితురాలి అకౌంట్ నుంచే మెసేజ్ వస్తుంది, ఆవిడ అకౌంట్ అప్పటికే వాళ్ళ చేతిలోకి పోయుంటుంది. ఎవరడిగినా, చెల్లెలి గొంతైనా సరే, జవాబు ఒక్కటే: "నా మనవడు వచ్చాక మాట్లాడండి". పెట్టేయండి ఫోన్. మర్యాద తక్కువవుతుందేమో అనుకోకండి, నిజంగా చెల్లెలైతే తను మళ్ళీ చేస్తుంది.

"24 గంటల్లో మీ అకౌంట్ మూసేస్తాం, ఈ లింకు నొక్కండి" అనేది ఇంకో రకం. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి తీసేస్తాం అని బెస్కాం పేరుతో వచ్చే దొంగ మెసేజులు ఇక్కడ చాలామందికి అలవాటే, అదే ఎత్తుగడ ఇదీను. లింకు నొక్కితే అచ్చం ఫేస్‌బుక్ లాంటి పేజీయే వస్తుంది, అదే నీలం రంగు, అవే రెండు గడులు. తేడా పైన అడ్రసులో ఉంటుంది. ఫేస్‌బుక్ అన్న మాట అందులో ఎక్కడో ఒకచోట ఉంటే సరిపోదు, డాట్ కామ్‌కి ఆనుకుని ముందు ఉన్న మాట ఏంటో చూడాలి. ఫేస్‌బుక్ డాట్ లాగిన్‌చెక్ డాట్ కామ్ అని ఉంటే అది లాగిన్‌చెక్ అనేవాడి ఇల్లు, ఫేస్‌బుక్ అనేది వాడు గుమ్మం మీద రాసుకున్న పేరు, అంతే. తాళం బొమ్మ ఉంది కదా అంటారు, ఆ బొమ్మ దొంగ పేజీలకీ వస్తుంది. ఇవన్నీ గుర్తుండవనుకుంటే ఒకటే పట్టుకోండి, లింకు ద్వారా వచ్చిన పేజీలో పాస్‌వర్డ్ కొట్టం, లాగిన్ అవ్వాలంటే మన ఫోన్‌లో ఉన్న యాప్ బొమ్మ నొక్కి మాత్రమే వెళ్తాం.

కస్టమర్ కేర్ సంగతి కూడా చెప్పేస్తాను. మనలాంటి మామూలువాళ్ళు ఫోన్ చేసి మాట్లాడటానికి ఫేస్‌బుక్‌కి నంబర్ లేదు. గూగుల్లో కనపడేవి దొంగలు పెట్టినవే. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ ఎక్కించుకోమంటారు, ఎక్కించుకుంటే మన ఫోన్ తెర మొత్తం వాళ్ళకి కనపడుతుంది, వచ్చే కోడ్‌లతో సహా. ఈ పద్ధతిలో డబ్బులు కొట్టేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులకి హెచ్చరిక పంపింది. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక్క గడియ

టూ ఫ్యాక్టర్ అని ఒకటుంది. అకౌంట్స్ సెంటర్‌లోనే పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ లోపల దొరుకుతుంది. ఇది పెట్టుకుంటే కొత్త ఫోన్‌లోంచి ఎవరు లాగిన్ అవ్వాలన్నా పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా కావాలి. పెట్టుకోమనే చెప్తాను, కానీ నంబర్ సరిచేసుకున్నాకే. పాత నంబర్ ఉంచి ఇది పెడితే మన అకౌంట్‌లోకి మనమే వెళ్ళలేం. పెట్టాక అక్కడే రికవరీ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, సిమ్ పోయినరోజు ఇవే ఆదుకుంటాయి, డైరీలో పాస్‌వర్డ్ ఉన్న పేజీలో కాకుండా వేరే పేజీలో రాసుకోండి.

అదే చోట, మీరు ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నారో జాబితా కూడా ఉంటుంది. చూస్తే ఎప్పుడో అమ్మేసిన ఫోన్, పెద్దబ్బాయి లాప్‌టాప్, ఊళ్ళో మేనల్లుడి ఫోన్ అన్నీ వరసగా కనపడతాయి. ఇప్పుడు చేతిలో ఉన్నది తప్ప మిగతావన్నీ లాగౌట్ చేసేయండి. ఊరు పేరు కొంచెం అటూఇటూగా చూపిస్తుంది, మీరు మారతహళ్ళిలో ఉంటే ఇంకెక్కడో చూపించినా గాబరా పడకండి, ఫోన్ మోడల్ పేరు చూసి పోల్చుకోండి.

ఈ వారం హోంవర్క్: రోజు మార్చి రోజు ఒకసారి లాగౌట్ అయి, కాగితం చూసుకుంటూ ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్ళండి. వారం చివర ఒకసారి పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు నటించి కోడ్ తెప్పించుకుని కొత్తది పెట్టండి, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడే.

వచ్చే పాఠం ఫ్రెండ్ రిక్వెస్టులు, ఒకే మనిషి పేరుతో, ఒకే ఫోటోతో రెండు అకౌంట్లు ఎందుకు కనపడతాయో, ఏది అసలుదో చూద్దాం. అప్పటిదాకా వచ్చిన రిక్వెస్టులు ఒప్పుకోకుండా అట్లాగే ఉంచండి, వాటికేమీ గడువు లేదు.