న్యూజిలాండ్‌లో మొదటిసారి కారు నడపబోతున్నారా? ముందు మీ ప్లాన్‌లో సగం కొట్టేయండి

విదేశంలో సొంతంగా కారు నడుపుకుంటూ తిరగాలని ఉందని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది న్యూజిలాండ్, అందులోనూ సౌత్ ఐలాండ్. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపే. మన లైసెన్సు కార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి టూరిస్టుగా వెళ్లినప్పుడు దానితోనే నడపొచ్చు, ఇంటర్నేషనల్ పర్మిట్ కోసం ఆర్టీఏ చుట్టూ తిరగక్కర్లేదు. ఒరిజినల్ కార్డు మాత్రం నడిపేటప్పుడు జేబులో ఉండి తీరాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు.

అసలు సమస్య ప్లాన్‌తోనే. మొదటిసారి నేను హైదరాబాద్–విజయవాడ లెక్క వేసుకున్నాను. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, పడవలో తిరిగి చూస్తారు) సుమారు 290 కి.మీ., పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం పడవెక్కి రాత్రికి వెనక్కొచ్చేయొచ్చు కదా అనుకున్నా. కిలోమీటర్లు ఇంచుమించు అవే, రోడ్డే వేరు. అక్కడ హైవే అంటే చాలాచోట్ల అటు ఒక లైను, ఇటు ఒక లైను, మధ్యలో డివైడర్ ఉండదు. లిమిట్ 100 అని ఉంటుంది, కానీ మలుపు దగ్గరకి రాగానే పసుపు బోర్డు 35 అంటుంది. ఆ మాట వినండి, ఊరికే పెట్టరు. రానూపోనూ 8 గంటలు డ్రైవింగే అయింది, పైగా పడవ ప్రయాణం, చీకటిపడ్డాక తిరుగుదారి. ఆ రోజు చూసిందేంటని మా ఆవిడని అడిగితే ముందు కారు వెనక లైట్లు అంటుంది.

అందుకని దారిలోనే ఉన్న టె ఆనౌ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉండండి. అక్కడినుంచి మిల్‌ఫర్డ్‌కి 118 కి.మీ., రెండు గంటలు, ఫొటోలకి ఆగుతారు కాబట్టి మూడు వేసుకోండి. పెట్రోలు టె ఆనౌలోనే ఫుల్ చేయించండి, సారీ, మీరే కొట్టుకోండి, బంకుల్లో కుర్రాళ్లుండరు. ఆ దారిలో చాలాదూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మధ్యలో హోమర్ టన్నెల్, 1.2 కి.మీ., సీజన్‌లో సిగ్నల్ లైటు పెట్టి ఒక్కోవైపు నుంచి వదులుతారు. అక్కడ ఆగి ఉంటే కియా అనే కొండ చిలకలు వచ్చి కారు మీద వాలి వైపర్ రబ్బరు పీకుతాయి. ముద్దుగా ఉంటాయి గానీ తిండి పెట్టకండి. వాళ్ల చలికాలంలో (మనకి జూన్–ఆగస్టు) మాత్రం మొదటి ట్రిప్పుకి ఈ రోడ్డు పెట్టుకోవద్దు, మంచు పడితే టైర్లకి గొలుసులు కట్టాల్సి వస్తుంది.

పది రోజులుంటే క్రైస్ట్‌చర్చ్‌లో దిగి టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, టె ఆనౌ చాలు. గ్లేసియర్లున్న పడమటి తీరం ఇంకోసారి. మిల్‌ఫర్డ్ వెళ్లొచ్చే రోజు తప్ప, రోజుకి సుమారు మూడు గంటలకు మించి డ్రైవింగ్ పెట్టకండి. దిగిన రోజే కారు తీసుకోవద్దు. వాళ్ల వేసవిలో మనకంటే ఏడున్నర గంటలు ముందుంటారు, అంటే అక్కడ పొద్దున 7 అయితే మన ఒంటికి రాత్రి 11:30. ఒక రాత్రి పడుకుని లేచాక తాళాలు తీసుకోండి.

రెంటల్ కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్. జీవితమంతా గేర్ల బండి నడిపినవాడిని, పార్కింగ్‌లోంచి బయటికి వస్తూ అలవాటుకొద్దీ ఎడమకాలితో క్లచ్ అనుకుని బ్రేకు తొక్కేశా, వెనక సీట్లో పిల్లల చేతిలో జ్యూసు మొత్తం సీటు మీద! ఎడమకాలు మడిచి సీటు కిందికి లాగి పెట్టుకోండి, వెళ్లేముందు ఇక్కడే ఎవరిదైనా ఆటోమేటిక్ ఒక ఆదివారం నడపండి. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు డ్రైవర్ పేరు మీదే ఉండాలని చాలామంది పట్టుబడతారు. ఇన్సూరెన్సులో చూడాల్సింది ఒక్కటే, గీత పడితే మన జేబులోంచి ఎంత కట్టాలి అన్నది. ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, కారుతోపాటే బుక్ చేయండి.

రోడ్డు మీద మనకి కొత్త వింత ఒంటిలైను వంతెనలు. ముందే బోర్డు ఉంటుంది: ఎర్ర వృత్తంలో మీ వైపు బాణం చిన్నగా ఎర్రగా ఉంటే మీరు ఆగాలి, నీలం బోర్డు మీద మీ బాణం పెద్దగా తెల్లగా ఉంటే మీకే ముందు దారి. అలాగని కళ్లు మూసుకుని వెళ్లిపోకండి, ఎదుటివాడూ మనలాంటి టూరిస్టే కావచ్చు. రౌండబౌట్‌లో కుడినుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలి, ఇక్కడ మనం చదివి మర్చిపోయిన రూలే. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఎడమకి తిరగడానికి కూడా లేదు. స్కూల్ బస్సు ఆగి పిల్లలు దిగుతుంటే ఏ వైపునుంచి దాటినా 20 స్పీడే. మీ వెనక నాలుగు కార్లు పోగైతే పక్కకి ఆపుకునే చోటు చూసి దారివ్వండి, వాళ్లు హారన్ కొట్టరు, ఓపిగ్గా వస్తూనే ఉంటారు, ఆ ఓపికే మనకి టెన్షన్.

సూట్‌కేసులో ఆవకాయ సంగతి. తిండి ఏదున్నా ఎంట్రీ ఫారంలో ఉందని రాయండి. చూసి వదిలేస్తారు, లేదంటే తీసేసుకుంటారు, పోతే ఒక సీసా పోతుంది. దాచి దొరికితే మాత్రం 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా అక్కడికక్కడే. ట్రెక్కింగ్ బూట్లకి మట్టి ఉన్నా అడుగుతారు, కడిగి పెట్టుకోండి. వంటగది ఉన్న మోటెల్ తీసుకుంటే సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు దొరుకుతాయి, రోజంతా కొండలు చూసొచ్చాక పిల్లలకి కావాల్సింది అదే.

తిరిగిచ్చే రోజు ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో ట్యాంకు నింపి, బిల్లు ఫొటో, మీటరు ఫొటో, నాలుగు వైపులా వీడియో తీసుకున్నాకే తాళం ఇవ్వండి. తెల్లవారుజాము ఫ్లైటైతే ఆఫీసు మూసి ఉండొచ్చు, తాళం ఎక్కడ వేయాలో ముందురోజే అడిగి పెట్టుకోండి.