పోర్షే 911లో ఆయిల్ తక్కువ చూపిస్తోందా? పోసే ముందు ఇది చదవండి

"అన్నా, డిప్‌స్టిక్‌కి చుక్క కూడా అంటలేదు. భయమేసి రెండు లీటర్లు పోసేశాను. ఇప్పుడు వెనక నుంచి పొగ ఆగట్లేదు."

అమెరికాలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక ఆదివారం చేసిన ఫోన్ ఇది. డిప్‌స్టిక్ అంటే ఆయిల్ మట్టం కొలిచే గీతల పుల్ల. ఏళ్ల తరబడి ఆశపడి కొనుక్కున్న 1991 మోడల్ పోర్షే 911. కారులో ఏ లోపమూ లేదు. వాడు ఆయిల్ చూసింది పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న కార్లో, స్టార్ట్ చేయకుండా. మన ఇళ్లలో ఉండే మారుతీకి, హ్యుందాయ్‌కి ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఆ 911కి పనిచేయదు. ఆయిల్ తక్కువై పాడైన ఇంజిన్ల గురించి అందరికీ తెలుసు. కొలవడం తెలియక ఎక్కువ పోసి కష్టాలు తెచ్చుకున్నవాళ్ల గురించి ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మీది ఏ 911 అన్నది తేల్చుకోండి

పేరు ఒకటే అయినా ఆయిల్ కొలిచే పద్ధతి తరాన్ని బట్టి మారింది. 1964 నుంచి 1998 దాకా వచ్చిన ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లబడే) 911లలో ఇంజిన్ బాగా వేడెక్కి, ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడుస్తుండగానే చూడాలి. ఆ తర్వాత వచ్చిన 996, అంటే మొదటి వాటర్ కూల్డ్ (నీళ్లతో చల్లబడే) తరంలో, ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి చూడాలి. ఇంకా కొత్తవాటిలో డిప్‌స్టిక్కే తీసేశారు. 991 లాంటి తరాల్లో ఇంజిన్ వేడిగా నడుస్తుండగా డిస్‌ప్లే మీదే చూసుకోవాలి. పాత 911 నడిపినాయన కొత్తగా 996 కొనుక్కుని పాత అలవాటుతో చూస్తే తప్పు, 996 వాడినాయన పాతది కొని తన అలవాటు కొనసాగించినా తప్పే.

లక్షణం: చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ పొడిగా ఉంది (ఎయిర్ కూల్డ్ 911)

కారణం ఈ కారు తయారీలోనే ఉంది. మామూలు కార్లో ఆయిల్ ఇంజిన్ అడుగున గిన్నెలాంటి సంప్‌లో నిలుస్తుంది. కారు మలుపులో వేగంగా తిరిగితే ఆ ఆయిలంతా ఒక పక్కకు ఒరిగి, పంపు పీల్చుకునే చోట గాలి చేరుతుంది. బేరింగులకు కాసేపు ఆయిల్ అందకపోయినా గీతలు పడతాయి. పోర్షే ఇంజనీర్లు దీనికి డ్రై సంప్ పెట్టారు. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. ఒక పంపు ఇంజిన్ అడుగున చేరిన ఆయిల్‌ని లాగి ట్యాంకుకు తోస్తుంది, ఇంకో పంపు ట్యాంకు నుంచి తీసి బేరింగులకు పంపుతుంది.

ఇంజిన్ ఆపగానే లాగే పంపు కూడా ఆగిపోతుంది. అప్పుడు ట్యాంకులో ఉన్న ఆయిల్ మెల్లగా ఇంజిన్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ ఉన్నదేమో ట్యాంకులో. తెల్లారేసరికి పుల్ల పొడిగా కనిపిస్తే ఆయిల్ ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే.

ఇంకో విషయం కూడా ఉంది. ఈ కార్లను గాలితో చల్లబడేవి అంటాం గానీ వేడిని మోసే పనిలో పెద్ద భాగం ఆయిల్‌దే. మా తమ్ముడి కార్లో మొత్తం 11 లీటర్లకు పైగా పడుతుంది. ముందు వైపు ఆయిల్ కూలర్ ఉంటుంది, దాని దారిలో థర్మోస్టాట్ ఉంటుంది. ఆయిల్ సుమారు 85 డిగ్రీలకు వచ్చాక అది తెరుచుకుంటుంది. అప్పటిదాకా కూలర్‌లో ఉన్న ఆయిల్ కదలదు. పైగా వేడెక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది. కాబట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి "వేడెక్కిందిలే" అనుకుంటే చాలదు.

సరిగ్గా చూడాలంటే, పదిహేను ఇరవై నిమిషాలు కారు నడపండి. ఆయిల్ టెంపరేచర్ ముల్లు 80 - 90 మధ్య నిలవాలి. చదునైన చోట ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఐడిలింగ్‌లోనే ఉంచండి. కారు వెనకున్న ఇంజిన్ మూత తీసి, ఆయిల్ పోసే గొట్టం మూత విప్పి, డిప్‌స్టిక్ బయటికి లాగి తుడవండి. మళ్లీ పూర్తిగా దించి, రెండు మూడు సెకన్లు ఆగి తీసి చూడండి. పుల్లకి ఒక వైపు ఎక్కువ తడి, ఇంకో వైపు తక్కువ తడి కనిపిస్తే తక్కువదే లెక్క. ఎక్కువగా ఉన్నది గొట్టం గోడకు రాసుకుని అంటుకున్నది. తుడవడానికి కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగులు లోపల పడతాయి. శుభ్రమైన బనియన్ గుడ్డ మేలు.

ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్, బెల్టు చేతికి దగ్గరగా తిరుగుతుంటాయి. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, ఏవీ దగ్గరికి రానివ్వకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

మూత విప్పగానే ఐడిలింగ్ కాస్త తడబడితే కంగారుపడొద్దు. చాలా ఎయిర్ కూల్డ్ 911లలో అది మామూలే. ఇంజిన్ లోపలి గాలి ఇన్‌టేక్‌తో (ఇంజిన్ గాలి పీల్చే దారితో) కలిసి ఉంటుంది కాబట్టి, మూత తీస్తే అదనపు గాలి వెళ్లి ఐడిలింగ్ మారుతుంది. అసలు ఏ తేడా రాకపోతేనే ఎక్కడో గొట్టమో సీలో లీకవుతోందేమోనని అనుమానించాలి.

లక్షణం: ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ

చాలాసార్లు కారణం నేల. పెట్రోల్ బంకు నేల చదునుగానే కనిపిస్తుంది గానీ వాన నీళ్లు పోవడానికి వాలు ఇచ్చి కడతారు. ఇంటి ముందు వాకిలి కూడా అంతే. నేను చేసేది ఇది: సగం నీళ్లున్న బాటిల్‌ని నేల మీద పడుకోబెట్టి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చూస్తాను. దొర్లకుండా, నీళ్లు సమంగా నిలిచిన చోటు ఒకటి గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అక్కడే చూస్తాను. మీరూ ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేడిలో చూసి, కిలోమీటర్లతో పాటు చిన్న నోటుబుక్‌లో రాసుకుంటే తేడా నిజమా కాదా అన్నది రెండు నెలల్లో తెలిసిపోతుంది.

లక్షణం: నడుపుతుంటే డాష్‌బోర్డు మీద ఆయిల్ లెవెల్ ముల్లు సున్నాకి పడిపోతోంది

ఎయిర్ కూల్డ్ 911 కొత్తగా కొన్నవాళ్లకు గుండె ఆగినంత పని చేసేది ఇదే. అది ప్రెషర్ ముల్లు కాదు, ట్యాంకులో మట్టం చూపే ముల్లు. ఇంజిన్ స్పీడు పెరిగితే ఆయిల్ ఎక్కువ భాగం ఇంజిన్‌లో, పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. ట్యాంకులో మట్టం తగ్గుతుంది. మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది కూడా. వేడి ఇంజిన్, ఐడిలింగ్, చదును నేల, ఈ మూడూ కలిసినప్పుడే ఆ ముల్లు మాట నమ్మాలి. అప్పుడు కూడా డిప్‌స్టిక్‌తో సరిచూసుకోవాలి.

ప్రెషర్ సంగతి వేరు. ఎర్ర ఆయిల్ లైటు నడుస్తుండగా వెలిగినా, ప్రెషర్ ముల్లు పడిపోయినా రోడ్డు పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. "ఇంటికి రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. ఆ రెండు కిలోమీటర్లలో ఇంజిన్ ఖరీదు చెల్లించాల్సి రావచ్చు. టో చేయించుకుని వెళ్లండి.

లక్షణం: ఆయిల్ పోసిన దగ్గర్నుంచీ నీలం పొగ, ఆయిల్ కాలిన వాసన

మా తమ్ముడి కేసు ఇదే. కార్లో అప్పటికే సరిపడా ఆయిల్ ఉంది. వాడు పోసిన రెండు లీటర్లు అదనం. ఇంజిన్ స్టార్ట్ కాగానే పంపు ఆయిలంతా ట్యాంకుకి లాగింది. ట్యాంకులో చోటు చాలక బ్రీదర్ గొట్టం (లోపలి గాలి బయటికి పోయే గొట్టం) దారి పట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వచ్చింది. అక్కడి నుంచి గాలితో కలిసి సిలిండర్లలోకి వెళ్లి కాలింది. ఫిల్టర్ కాగితం నూనెలో ముంచిన అట్టుముక్కలా తయారైంది.

ఫోన్‌లోనే చెప్పి చేయించాను. ముందు ఇంజిన్ ఆపించాను. ఇలాగే నడిపితే స్పార్క్ ప్లగ్గులు మసిబారతాయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. అదనపు ఆయిల్ తీయడానికి రెండు దారులున్నాయి. కొంచెమే ఎక్కువైతే, ఆయిల్ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, పోసే గొట్టంలోంచి సన్నటి పైపు దించి చేతి పంపుతో లాగేయొచ్చు. ఎక్కువైతే ట్యాంకు డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. మరుగుతున్న ఆయిల్ చేతిమీద పడితే బొబ్బలెక్కుతుంది, ఆత్రపడొద్దు. వాడు రెండు లీటర్ల సీసాలోకి కొలిచి తీశాడు. ఫిల్టర్ మార్చి, డబ్బా లోపల, బ్రీదర్ గొట్టం లోపల తుడిచాడు. తర్వాత వేడి చేసి, నడుస్తుండగా చూస్తే మట్టం రెండు గీతల మధ్య ఉంది. మిగిలిన నూనె కాలిపోయేదాకా అరగంట నడిపితే పొగ ఆగింది.

ఇది మీకు జరగకూడదంటే, మాక్స్ గీత దాకా నింపాలనే పట్టుదల వదిలేయండి. మిన్, మాక్స్ గీతల మధ్యలో ఉంటే పాత 911కి చాలు. పోయాల్సి వస్తే అర లీటరు కన్నా తక్కువ పోసి, కాసేపు నడిపి, మళ్లీ చూడండి. తక్కువైతే ఇంకాస్త పోయడం నిమిషం పని. ఎక్కువైతే తీయడానికి పూట పడుతుంది.

లక్షణం: 996లో స్టార్ట్ చేయగానే పెద్ద తెల్లటి పొగ మబ్బు, ఆయిల్ మట్టం మాత్రం సరిగ్గానే ఉంది

దీనికి తరచుగా కారణం ఎయిర్ ఆయిల్ సెపరేటర్. ఇంజిన్ లోపలి గాలిలోంచి ఆయిల్ ఆవిరిని విడగొట్టే భాగం ఇది. లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగితే ఇన్‌టేక్ నేరుగా ఆయిల్‌ని పీల్చేస్తుంది. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత విప్పి చూడండి. ఎవరో లోపలి నుంచి పట్టి లాగుతున్నట్టు మూత రానంటే అనుమానం బలపడినట్టే. ఆయిల్ పోసినా, తీసినా తగ్గదు. భాగం మార్చాలి.

అదే 996లో డిస్‌ప్లే మట్టం చూపకుండా సమయం లెక్కపెడుతూ ఉంటే అది లోపం కాదు. ఇప్పుడే ఆపారు, ఆయిల్ ఇంకా దిగుతోంది, ఆగమని చెబుతోంది. లెక్క పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత కూడా అర్థంలేని రీడింగ్ చూపిస్తే ఇంజిన్ దగ్గరున్న డిప్‌స్టిక్‌తో పోల్చండి. పుల్ల ఒకటి చెప్పి స్క్రీన్ ఇంకొకటి చెబితే తప్పు సెన్సర్‌ది.

లక్షణం: మట్టం నిజంగానే తగ్గుతోంది

పద్ధతిగా కొలిచినా తగ్గుతూ ఉంటే రెండే దారులు, కాలుతోంది లేదా కారుతోంది. పాత 911లు ఆయిల్ తాగుతాయి. 1000 కిలోమీటర్లకు 1.5 లీటర్ల దాకా మామూలేనని పోర్షే హ్యాండ్‌బుక్కుల్లోనే రాశారు. నా ఉద్దేశంలో మాత్రం అంకె కన్నా మార్పు ముఖ్యం. నిరుడు ఎంత తాగిందో ఈ ఏడూ అంతే తాగితే పర్వాలేదు. ఒక్కసారిగా రెట్టింపైతే సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చెప్పే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి.

కారుతోందేమో చూడటానికి రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి ఉంచండి. మరక ఎక్కడ పడిందో దాన్ని బట్టి కారణం తెలుస్తుంది. ఎయిర్ కూల్డ్‌లో సిలిండర్ల కింద పడితే వాల్వ్ కవర్ గాస్కెట్లు, ఆయిల్ రిటర్న్ ట్యూబుల సీళ్లు చూడండి. 996లో ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట పడితే రియర్ మెయిన్ సీల్‌ని (ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివరనుండే సీల్‌ని) అనుమానించాలి.

లక్షణం: పోయకుండానే మట్టం పెరిగింది

డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా కొడితే ఇంజెక్టర్ కారుతోందో, మిస్‌ఫైర్ అవుతోందో (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదో), పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోంది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. మూలం సరిచేసి ఆయిల్ మార్చేదాకా నడపొద్దు.

1972 మోడల్ 911 ఉన్న అదృష్టవంతులకు ఒక మాట. ఆ ఒక్క ఏడాది ఆయిల్ ట్యాంకుని వెనక చక్రానికి ముందుకు జరిపి, ఆయిల్ పోయడానికి కారు కుడి పక్కన బయటికి చిన్న తలుపు పెట్టారు. బంకుల్లో కొందరు అది పెట్రోల్ మూత అనుకుని అందులో పెట్రోల్ పోసేశారు. మరుసటి ఏడాది పోర్షే ఆ తలుపు తీసేసింది. ఆ కారుతో బంకుకి వెళ్తే దిగి పక్కన నిలబడండి.

లక్షణం: చాన్నాళ్లు ఆగి ఉన్న కారు స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం పొగ

911 ఇంజిన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు కొంచెం ఆయిల్ రింగుల పక్కనుంచి సిలిండర్లోకి జారుతుంది, స్టార్ట్ చేయగానే కాలుతుంది. వాలు మీద పార్క్ చేస్తే ఇంకాస్త ఎక్కువ. ఒక నిమిషంలో ఆగిపోతే దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, పైన చెప్పినట్టు మట్టం కొలవడంతో మొదలుపెట్టండి.