మొండి ట్రోజన్, కనిపించని రూట్‌కిట్: ఇంటి కంప్యూటర్‌ను బాగుచేసే క్రమం

వైరస్ పట్టిందని ఎవరైనా కంప్యూటర్ తెస్తే నేను ముందు స్కాన్ మొదలుపెట్టను. నెట్ తీగ పీకేస్తాను, వైఫై ఆపేస్తాను. ఏలూరులో మా రిపేరు షాపుకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఒకటికి రెండు యాంటీవైరస్‌లు ఎక్కించి చూసి ఉంటారు. "తీసేశానని చెబుతోందండీ, రీస్టార్ట్ చేయగానే మళ్లీ వస్తోంది" అంటారు. ఆ ఒక్క మాటతో నాకు సగం విషయం తెలిసిపోతుంది. స్కానర్ తీసేసింది ఒకదాన్ని, దాన్ని మళ్లీ తెచ్చిపెడుతున్నది ఇంకొకటి. ఆ రెండోది విండోస్ లోపల ఎంత వెతికినా దొరకకపోవచ్చు. అందుకే ఈ పనిలో నేను పట్టుబట్టే నియమం ఒకటి ఉంది: రోగం ముదిరిన విండోస్ తన గురించి తాను చెప్పే మాటను నమ్మకండి. దాన్ని ఆపేసి, డిస్కును బయటి నుంచి పరీక్షించండి.

మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే హానికర ప్రోగ్రామే ట్రోజన్. దానికి తనంతట తాను వ్యాపించే గుణం లేదు. మనం ఏదో అనుకుని తెరిస్తేనే లోపలికి వస్తుంది. మా దగ్గర ఎక్కువగా కనిపించేవి డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు క్రాక్, విండోస్ యాక్టివేటర్, కొత్త సినిమా పేరు పెట్టుకుని వచ్చే ప్రోగ్రామ్ ఫైలు. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి అది వీడియోనో ప్రోగ్రామో చూసేవారికి తెలియదు. ఈ మధ్య ఇంకో రకం వచ్చింది. మీరు మనిషేనని నిరూపించుకోండి అంటూ ఒక పేజీ తెరుచుకుంటుంది. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కమని, తర్వాత కంట్రోల్‌తో పాటు వి నొక్కమని, ఆపైన ఎంటర్ కొట్టమని చెబుతుంది. అలా చేస్తే ఆ పేజీ రహస్యంగా కాపీ చేసిపెట్టిన ఆదేశాన్ని మన చేతులతో మనమే నడిపించినట్టవుతుంది. నిజమైన వెబ్‌సైటు ఏదీ ఇలా అడగదు. మీ ఇంట్లో పిల్లలకు, పెద్దలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

రూట్‌కిట్ పని వేరు. దాచడమే దాని వృత్తి. 2005లో సోనీ బీఎంజీ కొన్ని పాటల సీడీలలో కాపీ కాకుండా ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టింది. డాలరు గుర్తుల మధ్య మూడక్షరాలున్న ఒక ముద్రతో మొదలయ్యే ప్రతి ఫైలునూ అది విండోస్ కంటికి కనిపించకుండా చేసేది. విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ ఆ ఏడాది అక్టోబరు 31న దాన్ని బయటపెట్టాడు. కొద్ది రోజుల్లోనే వైరస్‌లు రాసేవారు తమ ఫైళ్లకు అదే ముద్ర తగిలించి ఆ చాటున దాక్కోవడం మొదలుపెట్టారు. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇవ్వగానే ఎన్నో ఎక్స్‌పీ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. అందరూ అప్‌డేట్‌నే తిట్టారు. తీరా చూస్తే ఆ యంత్రాలలో అల్యూరియన్ అనే రూట్‌కిట్ అప్పటికే కాపురం ఉంది. అప్‌డేట్ విండోస్ గుండెకాయను మార్చడంతో దాని లెక్క తప్పింది, అంతవరకు అది తమ కంప్యూటర్‌లో ఉందని ఆ యజమానులకు తెలియదు. ఇలాంటిది ఉన్న విండోస్‌లో కూర్చుని యాంటీవైరస్ నడపడమంటే దొంగ చేతికే తాళాలిచ్చి ఇల్లు వెతకమన్నట్టు.

స్కాన్‌కు ముందు చేయవలసినవి

నెట్ తెగ్గొట్టాక మీ ఫోను నుంచి గానీ, వేరే మంచి కంప్యూటర్ నుంచి గానీ పాస్‌వర్డులు మార్చండి. రోగమున్న యంత్రంలో కొత్త పాస్‌వర్డు కొట్టడం వల్ల మేలు లేకపోగా కీడు ఉంది. ముందు ఈమెయిల్, ఎందుకంటే మిగతా అన్నింటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. తర్వాత బ్యాంకు. ఈనాటి ట్రోజన్లు పాస్‌వర్డులతో సరిపెట్టుకోవు, బ్రౌజర్ దాచుకున్న లాగిన్ కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. అవి ఉంటే పాస్‌వర్డు అడగకుండానే ఖాతా తెరుచుకోవచ్చు. కాబట్టి ప్రతి ఖాతాలోనూ అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసే ఆప్షన్ వెతికి నొక్కండి. డబ్బు పోయిందని తెలిస్తే కంప్యూటర్ సంగతి తర్వాత, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ సాధనం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, అడగకుండానే డిస్కుకు తాళం పడి ఉండవచ్చు. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో దొరుకుతుంది. దాన్ని ఫోనులో తెరిచి కాగితం మీద రాసుకోండి. ఇది చేయకుండా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగులలో, చేయి పెడితే వైరస్ సంగతి అటుంచి మీ ఫొటోలు మీకే అందకుండా పోవచ్చు.

ఫొటోలు, కాగితాలు కాపీ చేసుకోవడానికి విండోస్ తెరవవద్దు. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను దానితోనే మొదలుపెట్టి (బూట్ చేసి), బయటి హార్డ్‌డిస్కులోకి తీసుకోండి. ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చాలు. ప్రోగ్రామ్ ఫైళ్లు, సెటప్‌లు, జిప్‌లో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌లు ఒక్కటీ తీసుకోకండి. మళ్లీ దొరకవేమోనని దాచుకున్న ఆ పాత సెటప్‌ల ఫోల్డరే చాలా ఇళ్లలో రోగానికి పుట్టిల్లు.

ఒక కంప్యూటర్‌లో కనిపించినవి

రిటైరైన ఉపాధ్యాయుడు ఒకాయన తన కంప్యూటర్ తెచ్చారు. పింఛనుకు జీవన్ ప్రమాణ్ ఇవ్వడానికి వేలిముద్ర యంత్రం కొన్నారు. దాని డ్రైవర్ కోసం వెతికితే పైన వచ్చిన ప్రకటనను నొక్కారు. వేలిముద్ర యంత్రం పనిచేయలేదు గానీ, ఆ రోజు నుంచి ఫ్యాను హోరెత్తుతూనే ఉంది. టాస్క్ మేనేజర్ తెరవగానే హోరు తగ్గేది, మూయగానే మొదలయ్యేది. చూస్తున్నారని తెలిసి నక్కేది ఏదో లోపల ఉందన్నమాట.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌కు వెళ్తే అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. స్కాన్ చేయకుండా వదిలేయవలసిన చోట్ల జాబితా అది. ఇంటి కంప్యూటర్‌లో మామూలుగా ఖాళీగా ఉంటుంది. ఆయన దానిలో మొత్తం సి డ్రైవ్ ఉంది, కింద ఆదేశాలు నడిపే విండోస్ సాధనం పవర్‌షెల్ ఉంది. అంటే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పనిచేస్తున్నట్టే ఆకుపచ్చ గుర్తు చూపిస్తోంది, కానీ సి డ్రైవ్‌లో దేన్నీ ముట్టుకోవడం లేదు. మీరు కూడా ముందు ఈ పేజీ చూడండి. మీరు పెట్టనిది ఒక్కటున్నా అనుమానించవలసిందే. సొంత కంప్యూటర్‌లో ఈ సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోందనే వాక్యం కనిపించినా అంతే.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే పరికరం, కంప్యూటర్‌తో పాటు మొదలయ్యే ప్రతిదాన్నీ వరుసగా చూపిస్తుంది. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమని, డిజిటల్ సంతకాలను సరిచూడమని చెప్పండి. గులాబీ రంగు వరుసలకు సరైన ప్రచురణకర్త సంతకం లేదని, పసుపు వరుసల ఫైలు అసలు లేదని అర్థం. గులాబీ రంగున్న ప్రతిదీ చెడ్డది కాదు, చిన్న కంపెనీల మంచి ప్రోగ్రామ్‌లూ అలాగే కనిపిస్తాయి. ఎక్కడి నుంచి నడుస్తోందో చూడండి. మాస్టారి కంప్యూటర్‌లో బ్రౌజర్ అప్‌డేట్ అనే పేరుతో ఒక షెడ్యూల్డ్ టాస్క్ ఉంది. అది నడిపించే ఫైలు మాత్రం ఆయన యూజర్ ఫోల్డర్ లోపల, ఆప్‌డేటాలో, అర్థంలేని అక్షరాల పేరున్న ఫోల్డర్‌లో కూర్చుంది. అసలు బ్రౌజర్ అప్‌డేట్‌కు అక్కడ, ఆ పేరుతో పనిలేదు. ఇలాంటివాటిని వెంటనే డిలీట్ చేయకుండా ముందున్న టిక్కు తీసేయండి, పొరపాటైతే తిరిగి పెట్టుకోవచ్చు. టిక్కు తీసి రీస్టార్ట్ చేశాను. అదే టాస్కు వేరే పేరుతో మళ్లీ వచ్చి కూర్చుంది. ఇక లోపల వెతకడం ఆపేయవలసిన ఘడియ అదే.

బయటి నుంచి స్కాన్

విండోస్ 10, 11 రెండింటిలోనూ దీనికి సాధనం ఉంది, చాలామందికి తెలియదు. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్, అందులో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ముందు కొద్దిసేపు నెట్ కలిపి డెఫినిషన్లు, అంటే వైరస్‌ల ఆనవాళ్ల జాబితా, అప్‌డేట్ చేయండి. ఆ తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ జరుగుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. విండోస్ లోతుల్లో డ్రైవర్ రూపంలో దాక్కునే రూట్‌కిట్ ఇంకా నిద్రలేవలేదు కాబట్టి దాన్ని దాచేవారు ఎవరూ ఉండరు. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో చూడండి. మాస్టారి కంప్యూటర్‌లో సంతకంలేని డ్రైవర్ ఒకటి అక్కడే పట్టుబడింది.

అప్‌డేట్ కానివ్వకపోయినా, ఆఫ్‌లైన్ స్కాన్ మధ్యలోనే మాయమైనా, విండోస్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే స్కాన్ చేసే రెస్క్యూ డిస్కుకు వెళ్లండి. కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్, డాక్టర్ వెబ్ లైవ్ డిస్క్ ఉచితం. అమెరికాలో ఉన్నవారు గుర్తుంచుకోవలసింది, అక్కడి ప్రభుత్వం 2024లో కాస్పర్‌స్కీ అమ్మకాలను, అప్‌డేట్లను నిషేధించింది కాబట్టి వారు రెండోదాన్ని చూసుకోవడం మంచిది. మంచి కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రోగమున్న యంత్రానికి పెట్టి, ఆన్ చేయగానే డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. దీనికోసం సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకమున్నవాటినే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగు) ఆపవలసి వస్తే పని కాగానే తిరిగి పెట్టండి.

ఇవయ్యాక విండోస్‌లోకి వచ్చి రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ నడపండి. అందులో రూట్‌కిట్‌ల కోసం వెతికే ఆప్షన్ మొదట ఆపి ఉంటుంది, సెట్టింగ్స్‌లో మీరే తెరవాలి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ కూడా మంచిదే, కాకపోతే డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు దాని కాలం తీరుతుంది, ప్రతిసారీ కొత్తది దించుకోవాలి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి ఉచిత సాధనాలు ఇస్తోంది. పొరపాటున కూడా రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి కాపలాకు పెట్టకండి.

ఎప్పుడు ఆపాలి

ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. ఉత్త ట్రోజన్ దొరికి, తీసేశాక తిరిగి రాకపోతే సరే. డ్రైవర్ స్థాయిలోనో బూట్ భాగంలోనో ఏదైనా పట్టుబడితే మాత్రం, స్కానర్ శుభ్రమైందని చెప్పినా నేను ఆ విండోస్‌ను ఇంటికి పంపను. పింఛను, బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రానికి బహుశా బాగుందనే మాట చాలదు. మొత్తం తుడిచి కొత్తగా వేస్తాను. మాస్టారి కంప్యూటర్‌కూ అదే చేశాను.

కొత్తగా వేయడానికి మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ దించి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ తయారు చేసుకోండి. డిస్కు భాగాలు కనిపించే తెర దగ్గర ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ తొలగించాలి. సి ఒక్కటి తుడిచి డి వదిలేయడం మన దగ్గర అందరి అలవాటు, కానీ ట్రోజన్ తెచ్చిన సెటప్ సాధారణంగా డిలోనే ఉంటుంది. డి, ఇ డ్రైవ్‌లన్నీ ఒకే డిస్కులో ముక్కలైతే వాటిలోని ఫొటోలు కూడా పోతాయి, అందుకే ముందు కాపీ చేసుకోమన్నాను. కంప్యూటర్‌తో పాటు అసలైన విండోస్ వచ్చి ఉంటే లైసెన్సు గురించి బెంగ వద్దు, నెట్ కలపగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది.

మదర్‌బోర్డు చిప్‌లో దాక్కునేవి కూడా ఉన్నాయి. లోజాక్స్ అనే దాన్ని 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టింది, హార్డ్‌డిస్కు మార్చినా అది పోదు. కానీ అది ప్రభుత్వ కార్యాలయాల మీదికి గురిపెట్టినది. మీ ఇంట్లో ఉందని భయపడి నిద్ర మానుకోకండి. తయారీదారు సైటు నుంచి బయోస్ అప్‌డేట్ చేసుకుంటే చాలు.

ఫైళ్లు తిరిగి పెట్టేముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూపించే ఆప్షన్ పెట్టి, బయటి డిస్కును స్కాన్ చేయండి. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ కూడా. జిరాక్సు షాపుకు వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటే వాటిని తెరవకండి. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, దాచి ఉంచారంతే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అవి మామూలుగా కనిపిస్తాయి, కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. వైఫై రూటర్ పాస్‌వర్డు కంపెనీ ఇచ్చిందే ఉంటే మార్చి, డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని చిరునామా చెప్పే సర్వర్) దగ్గర మీకు తెలియని చిరునామా ఉందేమో చూడండి. ఉంటే రూటర్‌నే రీసెట్ చేయండి.

కొత్త విండోస్‌లో రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని మామూలు ఖాతా పెట్టుకోండి, డివైస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, యంత్రం తట్టుకోగలిగితే 11 వేయండి. కావలసిన ప్రోగ్రామ్‌లన్నీ వేసుకున్నాక ఒకసారి ఆటోరన్స్ తెరిచి ఆ జాబితాను ఫైలుగా దాచి, పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. మళ్లీ ఎప్పుడైనా అనుమానం వస్తే ఫైల్ మెనూలో కంపేర్ నొక్కి ఆ పాత జాబితాను చూపించండి. కొత్తగా చేరినవి ఆకుపచ్చ రంగులో విడిగా కనిపిస్తాయి, అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.