అలాస్కా ఓడ ఎక్కబోయేవాళ్ళకి: ఆ చిన్న సంచి ఒంటిమీదే ఉండాలి

2025 ఆగస్టు 10 తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో, అలాస్కాలో ట్రేసీ ఆర్మ్ అనే ఇరుకు సముద్రపు పాయలో కొండచరియ విరిగి నీళ్ళలో పడింది. అక్కడి సౌత్ సాయర్ గ్లేసియర్ (మంచు నది) ఏటేటా వెనక్కి తగ్గుతూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మంచే ఆ కొండకి ఆసరా. ఆసరా పోయింది, కొండ జారింది. లేచిన నీరు ఎదుటి గట్టు మీద 450 మీటర్లకు పైగా ఎగబాకింది. పాయ మొదట్లో ఉన్న హార్బర్ ఐలాండ్‌లో డేరా వేసుకుని పడుకున్న కయాకర్ల (చిన్న తెడ్డు పడవల్లో తిరిగేవాళ్ళ) సామాను చాలావరకు కొట్టుకుపోయింది. వాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వేళకి లోపల ఏ ఓడా లేదు. సీజన్‌లో పగటిపూట అదే పాయలోకి మనలాంటివాళ్ళని ఎక్కించుకుని పెద్ద ఓడలు వెళ్తుండేవి. ఆ తర్వాత ఓడ కంపెనీలు పక్కనే ఉన్న ఎండికాట్ ఆర్మ్ వైపు దారి మార్చుకున్నాయి.

ఆ వార్త చూసినప్పటి నుంచి తెలిసినవాళ్ళు అడుగుతున్నారు: "ఈ వేసవికి అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకున్నాం, వెళ్ళొచ్చా?" అని.

వెళ్ళండి. నేను రెండుసార్లు వెళ్ళాను, మళ్ళీ వెళ్తాను. గ్లేసియర్ బే అనే నేషనల్ పార్క్‌లో పొద్దున్నే పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడకి వేలాడే నిచ్చెన పట్టుకుని ఎక్కుతారు. రోజుకి రెండు పెద్ద ఓడలకే లోపలికి అనుమతి కాబట్టి ఆ నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమే. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ నౌకలు అటు వచ్చినప్పుడు అక్కడ అఖాతం దాదాపు లేదు, ముఖద్వారం దగ్గరే మంచు గోడ అడ్డంగా ఉంది. ఇప్పుడు ఆ మంచు దగ్గరికి వెళ్ళాలంటే 65 మైళ్ళు లోపలికి పోవాలి. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగుతుంది. మంచు ముక్క విరగడం ముందు కంటికి కనిపిస్తుంది, ఉరుము ఆ తర్వాత చెవిని చేరుతుంది. అక్కడి త్లింగిట్ ప్రజలు దాన్ని తెల్ల ఉరుము అంటారు. మా నాన్నగారు ఆ రోజు రెండు గంటలపాటు కటకటాలు పట్టుకుని నిలబడ్డారు, కాఫీకి కూడా కదల్లేదు.

కాబట్టి నేను చెప్పబోయేది కొండచరియల గురించి కాదు. ఓడ ఎక్కడ నడపాలో చూసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. మనం చేసే తప్పు ఒకటుంది. ఒకసారి నేనే చేశాను, ఇంకొకరు చేయగా చూశాను. మందులూ పాస్‌పోర్టూ ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండటం. మళ్ళీ చెప్తున్నాను, మనిషి ఒకచోట, మందుల సంచి ఇంకోచోట.

ఎక్కే రోజు

సియాటిల్‌లో రెండు రేవులున్నాయి, పియర్ 66, పియర్ 91. రెండూ దగ్గరదగ్గర కావు, మీ ఓడ ఏదో ముందే చూసుకోండి. కారు దిగగానే పోర్టర్లు వచ్చి పెద్ద సూట్‌కేసులు తీసుకుంటారు. చేతులు ఖాళీ అయ్యాయని హాయిగా ఉంటుంది. ఆ పెట్టెలు మీతో పాటు ఓడ ఎక్కవు. మీరు ఎక్కి, భోజనం చేసి, ఓడ కదిలి, చీకటి పడ్డాక గది గుమ్మం ముందు ఉంటాయి.

మా నాన్నగారి ఇన్సులిన్ ఆ పెట్టెలో పెట్టింది నేనే. ఒంటిగంటకి ఆయన కడుపునిండా భోంచేశారు. పెట్టె వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆ మధ్యలో నేను డెక్కుల మీద, మెట్ల మీద, సామాను కుప్పల మధ్య పరిగెత్తిన పరుగు తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఓడలో క్లినిక్ ఉంటుంది, డాక్టర్ ఉంటారు. కానీ మీ నాన్నగారు వాడే మందే అక్కడ ఉంటుందన్న హామీ లేదు.

అందుకే ఒక చిన్న సంచి. మెడకో భుజానికో అడ్డంగా వేసుకునేది, జిప్పు ఉన్నది. అందులో పాస్‌పోర్టు, వీసా కాగితాలు, రెండు రోజులకి సరిపడా మందులు, వాటి పేర్లూ మోతాదులూ రాసిన కాగితం, కళ్ళజోడు, ఇన్సూరెన్స్ నంబరు. ఈ సంచి ఏ పోర్టర్‌కీ ఇవ్వకండి.

రేవులో దిగే రోజు

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ.

తెలిసినవాళ్ళ కుటుంబం ఒకటి జూనోలో దిగి హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీదకి వెళ్ళింది. గంట సేపు చూసి వచ్చెయ్యాలి. పైన ఉండగా పొగమంచు కమ్మింది. పైలట్ ఎగరనన్నాడు. అతను చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. అక్కడి గైడ్ల దగ్గర డేరా ఉంది, దుప్పట్లున్నాయి. లేనిదల్లా పెద్దావిడ ఇన్‌హేలర్. అది గదిలో మంచం పక్కన ఉంది. మూడు గంటల చలిగాలికి ఆవిడకి ఊపిరి అందలేదు. కిందకి దించాక నేరుగా ఆస్పత్రికే. ఓడ సమయానికి వెళ్ళిపోయింది, ఎవరికోసమూ ఆగదు. అల్లుడూ పిల్లలూ ఓడలో, కూతురూ తల్లీ ఊళ్ళో.

జూనో ఆ రాష్ట్రానికి రాజధానే, అయినా బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. రావాలన్నా పోవాలన్నా విమానమో పడవో దిక్కు. విమానం ఎక్కాలంటే గుర్తింపు చూపించాలి. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రుల దగ్గర అమెరికాలో చెల్లే గుర్తింపు ఒక్కటే, పాస్‌పోర్టు. అది ఓడలో, గది లాకర్‌లో ఉంది. తర్వాతి రేవులో ఎవరో దింపి వెనక్కి పంపేదాకా, రెండు రోజులు, వాళ్ళిద్దరూ కట్టుబట్టలతో ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఆవిడ కోలుకున్నారు. కానీ జన్మకొక్కసారి అనుకున్న ఆ ప్రయాణం ఆవిడకి ఆస్పత్రి వాసనగా మిగిలింది.

పాస్‌పోర్టు గదిలో భద్రంగా పెట్టి దిగమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. పోతుందన్న భయం ఉంటే బట్టల లోపలి జేబులో పెట్టుకోండి, నకలు గదిలో ఉంచండి. అసలుది మనిషితోనే ఉండాలి. స్కాగ్‌వే అనే రేవులో అయితే మరీ. అక్కడ 1898లో మొదలుపెట్టి 1900కల్లా వేసిన సన్న పట్టాల రైలు కొండ ఎక్కుతుంది, ఎంతో బాగుంటుంది. కొన్ని టిక్కెట్లు సరిహద్దు శిఖరం దాకా వెళ్ళి దిగకుండానే తిరిగొస్తాయి. కొన్ని కెనడాలోకి తీసుకెళ్ళి దింపుతాయి. రెండోది కొనుక్కుని పాస్‌పోర్టు లేకుండా వెళ్తే రైలు ఎక్కనివ్వరు.

వీసా మాట

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నాం, కెనడా వీసా ఎందుకు అని అడగకండి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్య అలా తిప్పి తీసుకురావాలంటే మధ్యలో ఒక పరాయి దేశపు రేవు తగలాలి. అది 1886 నాటి చట్టం. అందుకే చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆపుతారు. మీరు దిగకపోయినా సరే, భారత పాస్‌పోర్టు మీద ఉన్న తల్లిదండ్రులకి కెనడా వీసా ఉండాలి. లేకపోతే సియాటిల్ రేవులోనే ఆపేస్తారు. అమెరికా వీసా ఒకసారి ప్రవేశానికే ఇచ్చారా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నదీ చూసుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ రెండూ చేతిలో ఉంటే చాలు.

నీటి విమానాలు

అలాస్కా రేవుల్లో ఒకటైన కెచికాన్ దగ్గర 2015 జూన్‌లో, నీళ్ళ మీంచి లేచే ఈ చిన్న విమానాల్లో ఒకటి కొండని గుద్దుకుని తొమ్మిది మంది పోయారు. 2019 మేలో రెండు గాలిలో ఢీకొని ఆరుగురు. 2021 ఆగస్టులో ఇంకో ఆరుగురు. మూడుసార్లూ ఎక్కినవాళ్ళు ఓడల నుంచి దిగిన యాత్రికులే. మొదటిదాని మీద విచారణలో, మబ్బు కమ్మినా ఎగరడం ఆ కంపెనీలో అలవాటైపోయిందని తేలింది. నేను ఎక్కొద్దనను. పైలట్‌ని తొందరపెట్టొద్దంటాను. "ఓడ టైమవుతోంది" అన్న మాట అతని చెవిన వెయ్యకండి. రద్దు చేస్తే దణ్ణం పెట్టి దిగిపోండి. పొద్దున పూట వెళ్ళేదే తీసుకోండి, మధ్యాహ్నానిది వద్దు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- ఒకరోజు ముందే సియాటిల్‌కో వాంకూవర్‌కో చేరండి. అదే రోజు విమానంలో దిగి ఓడ ఎక్కుదామనుకోకండి.

- ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: సముద్రం మీదా కెనడాలోనూ చెల్లుతుందా? మనిషిని విమానంలో పెద్దాస్పత్రికి తరలిస్తే ఇస్తారా? ఆ తరలింపు పదుల వేల డాలర్ల లెక్క. అమెరికా వరకే చెల్లే పాలసీతో తల్లిదండ్రుల్ని ఓడ ఎక్కించకండి.

- ఓడ గడియారమే గడియారం. అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక, విక్టోరియాకి ముందు రాత్రి మళ్ళీ గంట ముందుకి జరుపుతారు. ఫోన్‌లో టైము తనంతట తాను మారకుండా పెట్టండి. చేతికి మామూలు గడియారం కట్టుకోండి.

- "అందరూ ఎక్కెయ్యాలి" అన్న టైము నిచ్చెన తీసేసే టైము. దానికి గంటన్నర ముందే రేవులో ఉండండి.

- ఓడ కదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్. లేకపోతే ఓడ టవర్ పట్టుకుని బిల్లు వేస్తుంది.

- గ్లేసియర్ ఏ వైపు కనిపిస్తుందని గదికి ఎక్కువ డబ్బు పొయ్యకండి. ఓడ అక్కడ గుండ్రంగా తిరుగుతుంది. అయినా చూడాల్సింది గదిలోంచి కాదు, పై డెక్ మీంచి.

- జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, చలి ఎముకల్లోకి దిగుతుంది. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాల పైచిలుకు వాన. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటు కొనండి. గ్లేసియర్ మీంచి వచ్చే గాలికి చేతి తొడుగులు కావాలి, జూలై అయినా సరే.

- తలుపుల చట్రం మీద చెయ్యి పెట్టకండి. డెక్ తలుపుని గాలి ఈడ్చి కొడితే వేళ్ళు నలిగిపోతాయి. పెద్దవాళ్ళకి తలుపు మీరే తీసి పట్టుకోండి.

- స్నానాల గది గడప ఎత్తుగా ఉంటుంది. రాత్రి దీపం వేసి ఉంచండి.

- వికారం మందు కడుపు తిప్పకముందే వేసుకోవాలి. దీవుల మధ్య నీరు కదలదు, క్వీన్ షార్లెట్ సౌండ్ అనే బాహాటపు సముద్రంలో కదులుతుంది. సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి బయటి వైపు నుంచి వెళ్తాయి, అక్కడా కదులుతుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దలకి ఆ మందులు డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి.

- చేతులు సబ్బూ నీళ్ళతో కడగండి. బఫే గుమ్మంలో పెట్టే జెల్, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కి సరిపోదు.

- పిల్లల్ని కటకటాల మీద నిలబెట్టి ఫొటో తీస్తే నేను ఆ తల్లిదండ్రుల మీద అరుస్తాను, అరిచాను కూడా. ఆ చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పనిచెయ్యవు.

- మస్టర్ డ్రిల్ (ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు) ఎగ్గొట్టకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాన్‌కార్డియా ఒరిగి 32 మంది పోయారు. ఆ సాయంత్రం ఎక్కినవాళ్ళకి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ప్రమాద సంకేతం ఇది: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. విన్నారా, ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచి మస్టర్ స్థలానికే. గదికి వెనక్కి పోకండి.

- గదికి పోకూడదంటే మందులు ఎక్కడుండాలి? ఒంటిమీద. 2019 మార్చి 23న నార్వేలో హుస్టాడ్‌వికా దగ్గర వైకింగ్ స్కై అనే ఓడ ఇంజన్లు తుఫానులో ఆగిపోయాయి, కందెన నూనె తక్కువై. ఓడలో 1,373 మంది. హెలికాప్టర్లు 479 మందిని ఒక్కొక్కరినీ తాడుతో పైకి లాగాయి. తాడుతో పాటు సూట్‌కేసు రాదు.

- భోజనానికి వెళ్తున్నా సంచి వేసుకోండి. నాటకం చూడ్డానికి వెళ్తున్నా వేసుకోండి. పెద్దవాళ్ళు బరువంటే మీరు మొయ్యండి, కానీ వాళ్ళ పక్కనే ఉండండి. సంచి మీ దగ్గర, అమ్మ ఇంకో బస్సులో అయితే సంచి లేనట్టే.

- చివరి రాత్రి పెట్టెలన్నీ సర్ది గుమ్మం బయట పెట్టమంటారు, పొద్దున దిగాకే మళ్ళీ కనిపిస్తాయి. ఎక్కిన రోజు జరిగిందే మళ్ళీ. మందులు తీసి పెట్టుకోండి. పొద్దున వేసుకోవాల్సిన బట్టలు కూడా.

- ఇంట్లో అలాంటి సంచి ఉంటే ఇప్పుడే తీసి జిప్పు లాగి చూడండి. బిగుసుకుపోతుంటే కొత్తది కొనండి.